సోమవారం లిస్టు

ఆర్మూర్,
4-8-1997, సోమవారం

చిరంజీవి గంగామణికి,

రాధక్క రాస్తున్నది. నువ్వు పెండ్లయి భీవండి పోయి మూడు నెలలవుతోంది, ఒక్క ఉత్తరం ముక్కయినా లేదు. మొన్న మీ అమ్మ భీమవ్వ కూరగాయల అంగట్లో కలిస్తే నీ అడ్రసు పట్టుకున్నాను. "నా బిడ్డకేంది, మంచిగనే ఉంది" అని నవ్వింది. సంతోషపడ్డాను. మన టీబీ దవాఖానకు గోలీల కోసం వచ్చిన పిల్లవు, నీ కంప్యూటరు చదువు చూసి సారు అక్కడే పని ఇస్తే చేసినదానివి, అక్కడి నుంచే అత్తగారింటికి పోయావు. నర్సుగా ఇరవై రెండేళ్లలో నాకు ఇట్లాంటి సంతోషాలు తక్కువ.

ఇప్పుడు పని సంగతి. దవాఖానకు ఒక దాత కొత్త కంప్యూటరు ఇచ్చాడు. పాతది నాలుగుసార్లు నొక్కితే ఒకసారి లేస్తోంది. డాక్టరు సారు రిజిస్టరును ఫ్లాపీలోకి ఎక్కించి కొత్త మిషనులో దించాడు. రెండు వందల పదకొండు పేర్లూ వచ్చాయి. కానీ నువ్వు నేర్పినట్టు కంట్రోల్ మీద ఒక వేలు పెట్టి ఎల్ కొడితే, మిషను ఉలకదు పలకదు. పాతదాంట్లో అది కొడితే చాలు, వారం రోజులుగా గోలీలకు రానివాళ్ల పేరూ ఊరూ అచ్చయి వచ్చేవి. నేను ఆ కాగితం పట్టుకొని ఆటో ఎక్కేదాన్ని. "గిది మాక్రో అంటరు రాధాబాయీ, దాని సంగతి నాకు రాదు. గంగామణికే రాయి" అన్నాడు సారు.

స్కేలు అడ్డం పెట్టుకొని ఒక్కో పేరు చూస్తున్నాను. కండ్లు గుంజుతున్నాయి. నా వయసు నీకు తెలుసు కదా.

నీ ఆరు నెలల గోలీలు పూర్తయినట్టే కదా. ఒళ్లు చేశావా?

నీ
రాధక్క

•

భీవండి,
13-8-1997

రాధక్కకు,

గంగామణి నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మాట, కోపం తెచ్చుకోకు. కవరు మీద దవాఖాన ముద్ర వెయ్యకు. మా ఇంటి అడ్రసుకు కూడా రాయకు. కింది గదిలో ఉండే శాంతక్క పేరు మీద పంపితే ఆమె నా చేతికిస్తుంది. మా అత్త వెంకవ్వకు గానీ, ఈయనకు గానీ నాకు జబ్బు చేసిన సంగతి తెలియదు. కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో పని చేశానని మా అమ్మ చెప్పింది. అదే నమ్ముతున్నారు. నీ ఉత్తరం వచ్చినప్పుడు ఈయన పనిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

లిస్టు రాకపోవడానికి కారణం చిన్నదే. రిజిస్టరు వేరు, మాక్రోలు వేరు. మాక్రో అంటే మనం రోజూ చేసే పనిని వరసగా రాసి మిషనుకు అప్పజెప్పడం. అవి నేను రిజిస్టరులో రాయలేదు. పర్సనల్ అనే ఇంకో ఫైలులో రాశాను. అది కనబడకుండా దాగి ఉంటుంది, మిషను లేవగానే తనూ లేస్తుంది. ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో వెనక కాగితం మీద రాశాను. దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, కొత్త మిషనులో అదే పేరున్న ఫోల్డరులో పెట్టు. అంతే.

దాన్ని తెరిచి చూడాల్సిన పని లేదక్కా. ఒక్క అక్షరం కదిలినా పాడవుతుంది. ఉన్నది ఉన్నట్టు తీసి పెట్టు.

నేను బాగున్నాను. ఈయన పేరు రాజేశ్వర్, మరమగ్గాల మెకానిక్కు. నెమ్మదస్తుడు. ఆడబిడ్డ మగ్గాల పనికి పోతుంది కాబట్టి ఆమె కొడుకు, ఎనిమిది నెలల చిన్నోడు, పొద్దంతా నా చంకలోనే. ఈ గల్లీలో ఎటు చూసినా మగ్గాలే. గాలి నిండా దూది నూగు. ఇక్కడ దగ్గనివాళ్లు ఎవరూ లేరు.

గంగామణి

•

ఆర్మూర్,
25-8-1997, సోమవారం

గంగామణికి,

నువ్వన్నట్టే ముద్ర వెయ్యలేదు. చెప్పకుండా పెండ్లి చేశారని చదివి మనసు చివుక్కుమంది. అయినా జబ్బు పూర్తిగా పోయినాక చెప్పినా చెప్పకపోయినా నష్టం లేదులే అనుకున్నాను.

నీ ఫైలు దొరికింది. ఫ్లాపీలోకి మాత్రం ఎక్కలేదు. పాత మిషనులో ఫ్లాపీ పెట్టే భాగం ఈలోగా చచ్చిపోయింది. నిజామాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని విప్పి చూసి, "గిది కంప్యూటరా నర్సమ్మా, పసుపు డబ్బనా?" అన్నాడు. పక్క షెడ్డులో రెండేండ్లు పసుపు కొమ్ములకు పాలిష్ పట్టిన దుమ్మంతా అందులోనే పేరుకుంది. ఆ భాగం ఇప్పుడు ఎక్కడా దొరకదట. ఈ నెల తేదీలన్నీ కొత్త మిషనులోనే ఎక్కించాం కాబట్టి పాతదాంట్లో లిస్టు తీసినా పనికిరాదు. మిషను లేస్తుంది, తెర మీద అన్నీ కనబడతాయి, ఫ్లాపీలోకి ఎక్కి బయటికి మాత్రం ఏదీ రాదు. అద్దాల బీరువాలో మందు ఉండి తాళంచెవి పోయినట్టుంది.

ఇంకో సంగతి రాయాలి. ఆలూరు నీలవ్వ గుర్తుందా, బీడీలు చుట్టే ఆమె? మూడు వారాలుగా గోలీలకు రాలేదు. నేను చూసుకోలేదు. స్కేలు పెట్టి చదివితే ఆ వరస ఎట్లా జారిపోయిందో. ఆ ఊరివాళ్లెవరో చెబితే నిన్న బస్సెక్కి పోయాను. అరుగు మీద తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది, మనిషి సగమయ్యింది.

"ఒంటికి పోతె ఎర్రగ వస్తుండె నర్సమ్మా. నెత్తురు పోతుందని మా అత్త గోలీలు బంద్ వెట్టిచ్చింది."

"గది నెత్తురు గాదు నీలవ్వా. గోలీ రంగు."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా మరి?" అని ఏడ్చింది.

చెప్పాను గంగామణీ, మొదటి రోజే చెప్పాను. కానీ భయపడిన మనిషికి రెండోసారి చెప్పాలి, మూడోసారి చెప్పాలి. లిస్టు ఉంటే మొదటి సోమవారమే పోయేదాన్ని. ఇట్లా ఇంకెందరు జారిపోయారో నాకు తెలియదు. ఇంకేదైనా దారి ఉంటే తొందరగా రాయి.

రాధక్క

•

భీవండి,
8-9-1997

రాధక్కకు,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రెండుసార్లు కాగితం తీసి పెట్టేశాను.

ఇంకో దారి ఉంది. పాత మిషను ప్రింటరుకు తగిలించే ఉంది కదా. విండో అని ఉన్నచోట నొక్కితే అన్‌హైడ్ అని వస్తుంది. అది నొక్కితే దాగిన ఫైలు బయటపడుతుంది. అందులో నేను రాసిందంతా ఇంగ్లీషులో వరసగా కనబడుతుంది. దాన్ని అచ్చు వెయ్యి. నాలుగు కాగితాలు వస్తాయి. వాటిని ముందు పెట్టుకొని కొత్త మిషనులో మళ్లీ కొట్టాలి. కొత్త ఫైలు ఎట్లా తెరవాలో, దాన్ని ఎక్కడ దాచాలో వేరే కాగితం మీద బొమ్మ గీసి పంపుతున్నాను.

జాగ్రత్తలు: సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూసుకో. చుక్కలు, కామాలు, గుర్తులు ఒక్కటి పోయినా నడవదు. తప్పుంటే మిషనే ఆ లైను దగ్గర ఆగుతుంది, భయపడకు. అర్థమయితే తొందరగా వస్తుంది కాబట్టి ఏ లైను ఏం చేస్తుందో పక్కన తెలుగులో రాశాను, నాకు గుర్తున్నంత వరకు.

నువ్వు ప్రతి లైనూ చదువుతావని నాకు తెలుసు. నీలవ్వ ఏడ్చిందని నువ్వు రాశాక, ఆగమని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

గంగామణి

•

ఆర్మూర్,
22-9-1997, సోమవారం

నా బిడ్డ గంగామణికి,

లిస్టు వచ్చింది.

ఆరు రోజులు పట్టింది. రోజూ ఓపీ అయినాక రెండు వేళ్లతో కొట్టాను. నాలుగో రోజు ఒక లైను దగ్గర మిషను మొరాయించింది. గంటసేపు వెతికితే తెలిసింది, సున్నా బదులు ఓ కొట్టాను. సారు వెనక నిలబడి, "నా ఇంజెక్షన్ సిరంజీ గూడ గింత కష్టపెట్టలే నిన్ను" అని నవ్వాడు. నువ్వు తెలుగులో రాసి పంపడం మంచిదయింది. మొదట దయ్యాల భాష లాగా ఉన్నది, మూడో రోజుకు నువ్వు నా పక్కన కూర్చొని మాట్లాడుతున్నట్టే ఉంది. 'ఈ మనిషి చివరిసారి ఎప్పుడు వచ్చిందో చూడు. ఏడు రోజులు దాటితే పేరు రాసుకో. తరువాతి మనిషి దగ్గరికి పో.' ఎంత తెలివిగా రాశావు.

మూడో కాగితంలో ఒక లైను ఉంది. దానికి నువ్వు తెలుగు రాయలేదు. నాకు నేనే కూడబలుక్కున్నాను. 'నంబరు 147 అయితే ఏమీ చూడకుండా తరువాతి మనిషి దగ్గరికి పో.'

రిజిస్టరు తీసి చూశాను.

బిడ్డా, 147 నువ్వు. నవంబరులో మొదలుపెట్టావు. మార్చి ఏడున చివరి గోలీలు తీసుకున్నావు. నాలుగు నెలలు. ఆ తర్వాత నెలన్నర రోజులు నా ఎదురుగా కుర్చీలో కూర్చొని పని చేశావు, ప్రతి సోమవారం నువ్వే కాగితం తీసి నా చేతిలో పెట్టావు. నేను ఆ కాగితం చదివి ఊర్లన్నీ తిరిగాను. నీ మొహం చూడలేదు. తప్పు నీ ఒక్కదానిదే అని నేను అనను.

ఆ లైను నేను కొట్టలేదు. ఈరోజు కాగితంలో పన్నెండు పేర్లు వచ్చాయి. పదకొండు మంది దగ్గరికి ఆటోలోనో బస్సులోనో పోగలను. పన్నెండో మనిషికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

భీవండిలో దగ్గనివాళ్లు లేరని రాశావు. నువ్వూ దగ్గుతున్నావా?

నీ
రాధక్క

•

భీవండి,
3-10-1997

రాధక్కా,

దగ్గుతున్నాను. రెండు నెలలవుతోంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. పోయిన వారం ఉమ్మిలో ఎర్రటి తీగ కనబడింది. ఇప్పుడు గోలీలు వేసుకోవడం లేదు కదా, గోలీ రంగు అని నాకు నేను చెప్పుకునే వీలు కూడా లేదు.

నాలుగు నెలలు వేసుకునేసరికి దగ్గు పోయింది, బరువు పెరిగాను, మొహం నిండింది. అప్పుడే సంబంధం వచ్చింది. ఇంటి నిండా చుట్టాలు. "చూడవచ్చినోల్లకు గోలీలు కనబడద్దు. లగ్గం అయ్యేదాక బంద్ చెయ్యి బిడ్డా, మల్ల ఏస్కుందువు" అంది మా అమ్మ. ఆమెను ఏమనను? నాకూ అదే కావాలనిపించింది. నేను మంచిగైన పిల్లను అని నాకే నమ్మాలనిపించింది. కానీ సోమవారం లిస్టులో నా పేరు వస్తే నువ్వు అందరి ముందూ చదువుతావు. అందుకని ఆ లైను రాశాను. రాయడానికి అర నిమిషం పట్టింది. వందల మంది మందు మానకుండా చూసే దాన్ని చేసి, అందులోంచి నన్ను నేను తీసేసుకున్నాను. పెండ్లి తరువాత మళ్లీ మొదలుపెట్టాలంటే ఎవరికి చెప్పి ఏ దవాఖానకు పోవాలి?

అక్కా, నాకు నా భయం కన్నా చిన్నోడి భయం ఎక్కువగా ఉంది. వాడు నా మెడ పట్టుకొని నిద్రపోతాడు. మొహం పక్కకు తిప్పుకొని ఎత్తుకుంటున్నాను. దించితే ఏడుస్తాడు, ఎందుకు దించావని అత్త అడుగుతుంది. చెబితే నన్ను ఆర్మూరు బస్సు ఎక్కిస్తారు. చెప్పకపోతే వాడికేమవుతుందో. నువ్వే చెప్పు.

గంగామణి

•

ఆర్మూర్,
9-10-1997

గంగామణికి,

తొందరలో రాస్తున్నాను, టపా పోయే వేళయింది. సారుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. కాసేపు కండ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇందులో ఆయన రాసిన చీటీ ఉంది. మీ దగ్గరి సర్కారు దవాఖానకు పోయి చూపించు. ఉమ్మి పరీక్ష చేస్తారు. మధ్యలో మానేసినవాళ్లకు పాత గోలీలు ఒక్కటే సరిపోవు, ఇంజెక్షన్లు కూడా ఉంటాయి, ఎనిమిది నెలలు పడుతుంది. కానీ పోతుంది. నా చేతి మీద నీకంటే ఎక్కువగా చెడిన మనుషులు లేచి నాట్లకు పోయారు.

చిన్నోడిని ఇక ఎత్తుకోకు. వాడినీ పరీక్షకు తీసుకుపోవాలి. అంటే ఇంట్లో చెప్పక తప్పదు.

నేను మీ ఇంటికి రాయను. నీ నోటితో నువ్వు చెప్పాలి. నీకు చెయ్యి పట్టుకునే మనిషి కావాలంటే ఒక్క కార్డు ముక్క రాయి, సెలవు పెట్టి వస్తాను. వాళ్లు బస్సు ఎక్కిస్తే దిగేది మా ఇంటి ముందే అనుకో. ఊరి పక్కనే పెర్కిట్‌లో రెండు గదులున్నాయి, నేను ఒక్కదాన్నే.

నీలవ్వ మళ్లీ గోలీలు వేసుకుంటోంది. నిన్న నాలుగు మక్క కంకులు తెచ్చి ఇచ్చింది.

రాధక్క

•

భీవండి,
30-10-1997

రాధక్కకు,

చెప్పేశాను. నేను చెప్పానని కూడా అనలేను. జరిగింది రాస్తాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం గల్లీ మొత్తం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పెండ్లయి వచ్చిన నాటి నుంచి నేను ఈ ఊరిలో అంత నిశ్శబ్దం వినలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు దగ్గు తెర వచ్చింది. అది ఆగేసరికి మా అత్త పనులన్నీ వదిలేసి నా ముందు నిలబడి ఉంది.

"గిది దూది దగ్గు గాదు," అంది. "నాకెర్కే గీ దగ్గు."

నేను చిన్నోడిని ఆమె చేతికిచ్చి అంతా చెప్పాను. గోలీలు, పని, మానేయడం, దాచడం. ఆమె వాడిని తీసుకొని కింద శాంతక్క గదికి పోయింది. ఈయన వచ్చాక ఈయనకూ చెప్పాను. గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "నాకు చెప్పకుంట, నువ్వొక్కదానివే సచ్చిపోదామనుకున్నవా?" అన్నాడు. తరువాత సారు చీటీ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "గా దవాఖాన ఎన్నింటికి తెరుస్తరు?" అని అడిగాడు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. తిడితే వచ్చేది కాదేమో.

ఉమ్మి పరీక్షలో జబ్బు ఉందనే వచ్చింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఇంట్లో అందరినీ పరీక్ష చేశారు. చిన్నోడికి జబ్బు లేదన్నారు, అయినా వాడికి ఆరు నెలలు చిన్న గోలీ వెయ్యమన్నారు. ఆడబిడ్డ నాతో మాట్లాడటం లేదు. ఆమె కోపం న్యాయమే.

మూడు రోజులు అత్త నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నేను దవాఖానకు బయలుదేరుతుంటే చెప్పులేసుకొని వెంట వచ్చింది. దారిలో సగం దూరం పోయాక, నా దిక్కు చూడకుండా చెప్పింది. "మీ మామ ఉబ్బసం దమ్ముతోని పోలే. గిదే రోగం. లగ్గంల మీకు దమ్మని చెప్పినం. ఉన్నదున్నట్టు చెప్తే నా కొడుక్కు పిల్లనెవలిస్తరు?"

రోడ్డు మీద ఇద్దరం నిలబడిపోయాం. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. "నడువ్, టైం అయితుంది" అంది.

నువ్వు రానక్కర్లేదక్కా. కానీ వస్తానన్నావని ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

గంగామణి

•

భీవండి,
28-6-1998

రాధాబాయికి,

నేను వెంకవ్వను, గంగామణి అత్తను. నాకు సదువు రాదు. నేను చెప్తున్న, కోడలు రాస్తుంది. నేనెట్ల చెప్తె అట్ల రాయాలె అని ఒట్టు వెట్టిచ్చుకున్న.

మొన్న దీని గోలీలు ఒడిసినయి. ఎనిమిది నెలలు. రెండు నెలలు సూదులు. ఉమ్మి మూడుసార్లు సూసిండ్రు, సాఫ్ అన్నరు. ఒక్క దినం తప్పనియ్యలే. జ్వరమొచ్చినా, వానొచ్చినా నేనే ఎంట వోయిన. నా ముంగటనే నోట్ల ఏసుకోవాలె, నోరు తెరిచి సూపియ్యాలె. గంత నమ్మకం లేదా అత్తా అని నవ్వుతుండె. నమ్మకం ఉంటె గిదంత ఎందుకైతుండె?

ఈడ డాక్టరమ్మ కాడ గూడ కంప్యూటర్ ఉన్నదట. నువ్వు పంపిన నల్ల పలక, ఫ్లాపీ అంటరట, దాంట్ల వెట్టి కోడలు ఏందో చేసింది. ఇగ సోమవారం సోమవారం కాయితం వస్తది. గా కాయితం నేనే తీస్కపోత. మా గల్లీల ఎవలు గోలీలు మానేసినా నాకు ఎర్కైతది. నిన్న ఇద్దరిని రెక్క వట్టి గుంజుకవోయిన. నన్ను సూత్తె తలుపులేసుకుంటున్నరు.

నా బిడ్డ ఇప్పుడు దీనితోని మాట్లాడుతుంది. శానా గాదు. చిన్నోడు నడుస్తున్నడు.

రాధాబాయీ, ఇంకొక ముచ్చట. ఇది తెలిసిన ఆ మూడు దినాలు నేను కోడలికి ఏరే గిలాస వెట్టిన. తలుపు కాడ వెట్టి వచ్చిన, చేతికియ్యలే. అది తీస్కొని తాగింది, కడిగి బోర్లిచ్చింది. నాలుగో నాడు ఆ బోర్లిచ్చిన గిలాసను సూసిన. మా ఆయనకు గూడ గట్లనే వెట్టిన. తొమ్మిది నెలలు. ఎందుకు వెట్టినవ్ అని ఆయన ఒక్కనాడు అడగలే. పోయేటప్పుడు నీళ్లడిగిండు. నేను తలుపు కాడ వెట్టి వచ్చిన.

గిది ఎవలకు చెప్పలే. నా కొడుక్కు గూడ చెప్పలే.

కోడలు కలం ఆపింది. గిది వద్దత్తా అంటుంది. రాయి అంటున్న. ఏడ్సుకుంట కూసున్నది. రాయి బిడ్డా, నేను చెప్తున్న గదా.

ఇప్పుడు రాస్తున్నట్టే ఉన్నది. కానీ ఏం రాస్తుందో నాకెట్ల తెలుస్తది? రాధాబాయీ, గిలాస ముచ్చట గీ ఉత్తరంల ఉన్నదా లేదా, నువ్వు జవాబు రాయి. దాన్ని కోడలితోని గాదు, నా కొడుకుతోని సదివిచ్చుకుంట.

వెంకవ్వ